అరవై నంబరు కార్డు ఎప్పుడొస్తుంది?



2021 ఫిబ్రవరి ఆఖరి ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక సహోదరి మాత్రము మా యింటి అరుగు మీద కూర్చుండిపోయింది. ఆమె ఇద్దరు మగబిడ్డల తల్లి. భర్త చనిపోయి చాలాకాలమైనది. రెండు గేదెల పాలు కేంద్రానికి పోస్తూ, పని ఉన్న రోజులలో కూలికి వెళుతూ బిడ్డలను చదివించుకొంటున్నది. “అయ్యగారూ, పెద్దోడికి కంప్యూటర్లో పెట్టే కార్డంట, యాభై రెండు వేలంట. చీటీ పాడేసి ఇచ్చేద్దామనుకుంటున్నా. ఏమంటారు?” అని అడిగింది.

కార్డు అనగానే మాకు సెల్‌ఫోనులో వేసే చిన్న ముక్క తోచింది. దానికి యాభై రెండు వేలా? దేనికని అడిగితే ఆటలు ఆడుకోవడానికని చెప్పింది. మేము రెండవ మాట అడగలేదు. “ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దమ్మా, వాణ్ణి మా దగ్గరకు పంపు” అన్నాము. పిల్లవాడు ఏమి చెబుతాడో వినకముందే తీర్పు చెప్పేశాము. మా పనిలో ఉన్నవారికి తరచుగా వచ్చే జబ్బు ఇది.

సాయంత్రము వాడు వచ్చాడు. డిగ్రీ రెండవ సంవత్సరము చదువుతున్నాడు, నెమ్మదైన బిడ్డ. చెప్పులు విడిచి, గుమ్మము దగ్గరే నిలబడి, “అమ్మను నేను డబ్బులు అడగలేదండి. ధర చెప్పానంతే” అన్నాడు. నెట్ సెంటరులో అప్లికేషన్లు నింపి పెడుతూ రెండేళ్లలో 30,000 రూపాయలు కూడబెట్టుకొన్నాడట. ఆ కార్డు వస్తుందని నెలల తరబడి ఎదురుచూశాడట. మన దేశములో దాని ధర 29,500 నుండి మొదలవుతుందని కంపెనీయే ప్రకటించింది. తీరా ఆ గురువారము కార్డు బజారులోకి వచ్చాక విజయవాడలోని ఒక దుకాణానికి ఫోను చేస్తే 52,000 అన్నారు. “కంపెనీ చెప్పిన డబ్బు నా దగ్గర ఉందండి. అయినా నాకు దొరకదంటున్నారు. ఇది అన్యాయం కాదాండీ?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జవాబు వెదుక్కొంటూ మేము తెలుసుకొన్న సంగతులే ఈ నెల వ్రాస్తున్నాము. మీ యింట్లో యౌవనస్థులుంటే ఈ ప్రశ్న మీ గుమ్మములోకి కూడా వచ్చి నిలబడుతుంది.

ముందుగా ఆ కార్డు చేసే పని ఏమిటో చెప్పాలి. కంప్యూటరు తెర మీది బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలు. మామూలు తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080, అంటే మొత్తము 20,73,600 చుక్కలు. ఆటలో బొమ్మ కదలాలంటే ఆ చుక్కలన్నిటికీ సెకనుకు 60 సార్లు కొత్త రంగు లెక్క వేయాలి. సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలన్నమాట. కంప్యూటరులోని అసలు ప్రాసెసరు తెలివైన గుమాస్తా వంటిది. ఎంత చిక్కు లెక్కయినా చేస్తుంది గాని ఇంత పని దాని ఒక్కదాని వలన కాదు. గ్రాఫిక్స్ కార్డులో అటువంటి గుమాస్తాలు ఉండరు. నాట్లు వేసే కూలీల వలె వరుసగా వంగి ఒకే పనిని ఒకేసారి చేసే చిన్న చిన్న పనివాళ్లు వేలమంది ఉంటారు. ఆ పిల్లవాడు కోరిన కార్డు పేరు ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 3060. అందులో అటువంటి పనివాళ్లు 3584 మంది.

ఆ పేరులోని అంకెలకు కూడా అర్థమున్నది. మొదటి అంకెలు తరాన్ని తెలుపుతాయి, చివరి రెండు అంకెలు ఆ తరములో దాని స్థాయిని తెలుపుతాయి. 90, 80 అంటే కలవారివి. 50 అంటే తక్కువరకము. 60 మధ్యరకము, అంటే సామాన్యుని కార్డు. ఆటలు అమ్మే స్టీమ్ అనే సంస్థ తన వాడుకదారుల దగ్గర ఏ కార్డులున్నాయో నెలనెలా లెక్క తీస్తుంది. ఆ లెక్కలో 2016 నాటి జీటీఎక్స్ 1060 కొన్ని సంవత్సరముల పాటు మొదటి స్థానములో నిలిచింది. ప్రపంచమంతటా ఎక్కువమంది పిల్లలు ఎదురుచూసేది ఆ 90 కోసము కాదు, ఈ 60 కోసమే.

అయితే ఆ 60 ఎప్పుడూ ముందు రాదు. 3080 కార్డు 2020 సెప్టెంబరు 17న వస్తే 3060 రావడానికి అయిదు నెలలు పట్టింది. తరువాతి తరములో 4090 కార్డు 2022 అక్టోబరు 12న వచ్చింది, 4060 మాత్రము 2023 జూన్ 29 దాకా రాలేదు. ఎనిమిది నెలల పైమాట. ఎక్కువ ధర పెట్టగలవారికి ముందు అమ్ముకొని, ఆ తరువాత మిగిలినవారి వైపు తిరగడము వ్యాపార నీతి. కొత్త మామిడికాయ బజారుకు వచ్చిన మొదటి వారము మనము కొంటామా?

ఇంకొక సంగతి మాకు చాలా ఇష్టమనిపించింది. 3060 లోని చిప్పులో పనివాళ్ల గుంపులు నిజానికి 30 ఉంటాయి. కార్డులో పని చేసేవి మాత్రము 28. చిప్పులు తయారయ్యేటప్పుడు కొన్నిటిలో అక్కడో ఇక్కడో లోపము పడుతుంది. రెండు గుంపులు పాడైనా మూసివేసి మిగిలినవాటితో నడిపించవచ్చు గనుక, మచ్చ పడిన చిప్పును పారవేయకుండా ఈ విధముగా వాడతారు. చిప్పుల తయారీలో ఇది మామూలే. అలా చేయకపోతే సామాన్యుని కార్డు ఆ మాత్రము ధరకు కూడా రాదు.

ఇక 29,500 కాస్తా 52,000 ఎలా అయింది? అమెరికాలో ప్రకటించిన ధర 329 డాలర్లు. అప్పుడు డాలరు సుమారు 73 రూపాయలు గనుక 24,000 అయింది. దాని మీద మన జీఎస్‌టీ నూటికి 18. అప్పటికి 28,300. ఆ పైన తెచ్చేవారికి, అమ్మేవారికి కాస్త మిగలాలి. కాబట్టి 29,500 అన్న మాటలో మోసము లేదు. కాని అది కంపెనీవారి సలహా ధర మాత్రమే. ఆ ధరకే అమ్మాలని దుకాణదారును కట్టివేసేది ఏదీ లేదు. సినిమా హాలు గోడ మీద టికెట్టు ధర వ్రాసియున్నా బయట బ్లాకులో అమ్మినట్టే ఇదీ జరిగింది.

అంత గిరాకీ ఎందుకు వచ్చిందనేది అసలు సంగతి. కరోనా కాలములో అందరూ ఇండ్లలో ఉండి కంప్యూటర్లు కొన్నారు, చిప్పుల కర్మాగారములు ఆ గిరాకీని అందుకోలేకపోయాయి. దానికి తోడు ఈథర్ అనే కంప్యూటరు నాణెము ఒకటి వచ్చిపడింది. ఈ కార్డుల చేత రాత్రింబగళ్లు లెక్కలు చేయిస్తే ఆ లెక్కలకు కూలిగా ఆ నాణెములు దొరికేవి. వాటిని అమ్మితే నిజమైన డబ్బు. కాబట్టి ఆడుకోవడానికి కొనేవాని పక్కన, సంపాదించడానికి కొనేవాడు వందల కార్డులకు బేరమాడుతూ నిలబడ్డాడు.

ఇది ఆ సహోదరికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆమెయే మాకు చెప్పింది. “అంటే పాలిచ్చే గేదెనా అయ్యగారూ అది? పాలిచ్చేదాన్ని వట్టిపోయినదాని ధరకు ఎవరిస్తారు?” అన్నది. మేము చదివినదంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. ఆ కార్డు అప్పుడు పాలిస్తున్నది. పిల్లవానికి పాలు అక్కరలేదు, గేదెను చూసి సంతోషిస్తే చాలు. కాని బజారులో ధర కట్టేది పాలకే.

కంపెనీవారు కూడా ఊరకుండలేదు. నాణెముల పని చేయబోతే వేగము సగానికి తగ్గేటట్టు 3060లో ఒక తాళము పెట్టారు. వచ్చే నెలలోనే, అంటే మార్చిలో, పరీక్ష కోసమని వారే విడుదల చేసిన ఒక సాఫ్ట్‌వేరు పొరపాటున ఆ తాళాన్ని తీసివేసింది! దొంగ ఎవరూ రానక్కరలేకపోయింది.

ఆ సాయంత్రము వానితో మేము మాట్లాడిన మాటలు రెండే. మొదటిది మా తప్పు ఒప్పుకోవడము. ఆట ఆడాలనుకోవడము నేరమేమీ కాదు. మా చిన్నతనములో టేపు రికార్డరు కోసము మేము మూడు సంవత్సరములు ఎదురుచూసిన సంగతి మాకు గుర్తున్నది. దానిని సంఘము పాటల కోసమని అందరితో చెప్పాము గాని అందులో ఎక్కువగా మ్రోగినవి వేరే పాటలు. పైగా ఈ పిల్లవాడు ఎక్కువగా ఆడే ఆట ఫార్మింగ్ సిమ్యులేటర్ అట. ట్రాక్టరు తోలడము, దుక్కి దున్నడము, కోత కోయడము, పశువులను మేపడము. “ఇంట్లో నిజం గేదెలకు గడ్డి వేయమంటే మాత్రం బద్ధకం” అని తల్లి ఫిర్యాదు. (అన్ని ఆటలూ ఇటువంటివి కావు. పద్దెనిమిది సంవత్సరములు నిండినవారికే అని గుర్తు వేసినవి చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు ఆ గుర్తు చూడాలి.)

రెండవ మాట చీటీ గురించి. మొదటి నెలలలోనే చీటీ పాడితే ఎంత తగ్గించి పాడాలో మీకు తెలుసు. ఆ నష్టము ఒక వైపు, అసలు ధర మీద అదనపు 22,000 మరొక వైపు. తల్లి రెండు సార్లు నష్టపోతుంది, ఆ డబ్బు కార్డు తయారుచేసినవానికి కూడా చేరదు. మేము ఇది చెప్పకముందే వాడు తల ఊపాడు. చీటీ మాట అమ్మదేనట, వాడు వద్దనే అన్నాడట.

వాడు ఎదురుచూశాడు. నెలలు కాదు, రెండు సంవత్సరముల పైన. ఈ మధ్యలో తమ్మునికి జ్వరము వచ్చి ఆసుపత్రిలో పెట్టవలసి వచ్చినప్పుడు ఆ 30,000 లో నుండి 8,000 తీసి తల్లి చేతిలో పెట్టాడు. మళ్లీ కూడబెట్టాడు. 2022 సెప్టెంబరు 15న ఈథర్ నడిపేవారు తమ పద్ధతి మార్చుకొన్నారు. ఆనాటి నుండి ఆ లెక్కలకు కార్డులు అక్కరలేదు. గేదె ఒక్క రోజులో వట్టిపోయింది. అప్పటికే దిగుతున్న ధరలు ఇంకా దిగాయి. నాణెముల కోసము వాడి వాడి అరిగిన కార్డులు కూడా సెకండుహ్యాండు బజారులోకి వచ్చిపడ్డాయి. రాత్రింబగళ్లు వేడిలో నడిచిన వాటి ఫ్యాన్లు ఎన్నాళ్లు తిరుగుతాయో బయటి నుండి చూస్తే తెలియదు. గ్యారంటీ కాగితము లేనిది ఎంత చౌకగా వచ్చినా వద్దన్నాము.

అప్పుడు 3060 కొనుక్కోవచ్చు గదా అంటే, “ఆరు నెలలు ఆగితే 4060 వస్తుందండి” అన్నాడు. ఇక్కడ మాకూ వానికీ మాట పడింది. ఎదురుచూడటము ఒక అలవాటుగా మారిపోతే దానికి అంతు ఉండదు. 4060 వచ్చే వేళకు 5060 మాట మొదలవుతుంది. చేతిలో డబ్బు ఉండి, వస్తువు సరసమైన ధరకు దొరుకుతుండగా ఇంకా ఆగడము మాకు నచ్చలేదు. వాడు వినలేదు. ఇప్పుడు వెనుకకు చూస్తే, ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చడము కష్టము.

4060 ధర 299 డాలర్లు అన్నారు. 30 డాలర్లు తగ్గిందని వాడు సంబరపడ్డాడు. మేము కాగితము తీసి లెక్క వేశాము. 2021లో 329 ని 73 తో హెచ్చిస్తే సుమారు 24,000. 2023లో డాలరు 82 రూపాయలు గనుక 299 ని 82 తో హెచ్చిస్తే 24,500. అక్కడ తగ్గినా ఇక్కడ పెరిగింది! 2016లో 1060 వచ్చినప్పుడు దాని ధర 249 డాలర్లు, అప్పుడు డాలరు సుమారు 67 రూపాయలు గనుక పన్నులు కాక 16,700. సామాన్యుని కార్డు అనే పేరు మారలేదు గాని, మన సామాన్యునికి అది ఏడేళ్లలో ఎనిమిది వేలు దూరము జరిగింది. దీనిని ఏ ప్రకటనలోనూ వ్రాయరు.

సరుకు సంగతి కూడా చూడాలి. 3060 లో 12 జీబీ మెమరీ ఉంటే, దాని తరువాత వచ్చిన 4060 లో 8 జీబీయే. బొమ్మలకు కావలసిన సామాను పెట్టుకొనే గది అది. గది చిన్నదైతే కొత్త ఆటలు అక్కడక్కడ తడబడతాయి. వేగము కూడా అందరూ ఆశించినంత పెరగలేదని పరీక్షించిన చాలామంది పెదవి విరిచారు. అయితే కరెంటు విషయములో మాత్రము అది నిజమైన మేలు. 3060 కి 170 వాట్లు కావాలి, 4060 కి 115 చాలు. పల్లెటూరిలో, ఎండాకాలములో, వోల్టేజి ఎగిరిపడే ఇంట్లో ఆ 55 వాట్ల తేడా మామూలుది కాదు.

వాడు చివరకు 2023 సెప్టెంబరులో 4060 కొన్నాడు. పన్నుతో కలిపి 30,000 దాటి కొన్ని వందలైంది. కాని దానితో అయిపోలేదు. వాని కంప్యూటరు ఒక ఆఫీసువారు తీసివేసిన పాతది. అందులో కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ అంటారు, ఇంత పని కోసము పెట్టినది కాదు. కంపెనీవారు ఈ కార్డుకు 550 వాట్ల డబ్బా ఉండాలని చెబుతారు. అది మరొక నాలుగు వేలు. ఈ నాలుగు వేల దగ్గరే చాలామంది పిల్లలు పిసినారితనము చేసి, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ పెట్టి, ముప్ఫై వేల కార్డును ప్రమాదములో పెడతారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. అలాగే పాత మదర్‌బోర్డు మీద ఈ కార్డు వేగము కొంచెము తగ్గుతుంది, పాత ప్రాసెసరు ఉంటే అది కార్డును అందుకోలేక వెనుకబడుతుంది. కార్డు కొనే ముందు ఇంట్లో ఉన్న డబ్బా మూత తీసి ఏమేమి ఉన్నాయో వ్రాసుకోమని చెప్పండి. కార్డు పొడవు లోపల పడుతుందో లేదో టేపు పెట్టి కొలవాలి.

కార్డు పెట్టిన రోజున మమ్ములను పిలిచాడు. తెర మీద గోధుమ చేను గాలికి ఊగుతున్నది, ఒక్కొక్క కంకి వేరుగా కనబడుతున్నది. తల్లి చాలాసేపు చూసి, “కలుపు లేదేరా?” అన్నది.

ఇది అయిపోయిన కథ అనుకొన్నాము. కాని పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగములో చేరి కంప్యూటరు వెంట తీసుకువెళ్లాడు, ఇప్పుడు చిన్నవాని వంతు వచ్చింది. వీడు కూడా నోటుపుస్తకములో ధరలు వ్రాసుకొంటున్నాడు. 2024 డిసెంబరులో ఇంటెల్ వారు బీ580 అనే కార్డును 12 జీబీతో 249 డాలర్లకు ప్రకటించారు. 2025 మే 19న 5060 వచ్చింది, మళ్లీ అదే 299, మళ్లీ అదే 8 జీబీ. దానిని ముందుగా పరీక్షించి చెప్పేవారికి కావలసిన సాఫ్ట్‌వేరు అమ్మకపు రోజు దాకా కంపెనీ ఇవ్వలేదు. మంచి సరుకు అమ్మేవాడు మూట విప్పి చూపడానికి వెనుకాడడు కదా అని మాకు అనిపించింది. జూన్ 5న ఏఎమ్‌డీ వారి 9060 ఎక్స్‌టీ వచ్చింది, 8 జీబీది 299, 16 జీబీది 349. డబ్బా మీద పెద్ద అక్షరములలో పేరు ఒక్కటే, మెమరీ అంకె వేరు. ఇది కొత్త సంగతి కాదు. 2016 నాటి 1060 లో కూడా 3 జీబీది, 6 జీబీది అని రెండు వచ్చాయి. ఆ చిన్నదానిలో మెమరీతో పాటు పనివాళ్లను కూడా 1280 నుండి 1152 కు తగ్గించి అదే పేరుతో అమ్మారు. పేరు చూసి కొనేవాడు మోసపోతాడు, అంకెలన్నీ చదివి కొనాలి.

చిన్నవాడు ఇంకా ఆగుదామా అని మమ్ములను అడిగాడు. అన్నకు చెప్పిన జవాబు తమ్మునికి సరిపోదు. 2025 చివరి నెలలలో మెమరీ చిప్పుల ధరలు విపరీతముగా పెరిగాయి. ఈసారి నాణెములు కారణము కాదు. కృత్రిమ మేధస్సు కోసము పెద్ద పెద్ద కంపెనీలు కడుతున్న కేంద్రములకు ఆ చిప్పులు ప్రపంచమంతటి నుండి వెళుతున్నాయి. అంటే గేదె మళ్లీ ఈనింది, పాలు వేరే ఇంటికి పోతున్నాయి. ఇటువంటి కాలములో ఆగితే ధర తగ్గుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అలాగని అప్పు చేసి పరుగెత్తమనీ మేము చెప్పలేము. వాడు ఆడాలనుకొంటున్న ఆటలు ఏవో, అవి ఈ రోజు బజారులో దొరికే కార్డు మీద నడుస్తాయో లేదో చూడమన్నాము. నడిస్తే, సొంత డబ్బు సరిపోయిన రోజున కొనేయమన్నాము. రాబోయే కార్డు గురించి వచ్చే పుకార్లు చదవడము మాత్రము మానమన్నాము, కాని మానతాడని మాకు నమ్మకము లేదు.

పోయిన ఆదివారము పుస్తకము తెచ్చి చూపించాడు. ఎడమ వైపు ధరలు, కుడి వైపు వాని దగ్గర ఉన్న డబ్బు. 19,000 అని ఉన్నది. అమ్మతో చెప్పావా అని అడిగాము.

“ధర చెప్పానండి. అంతే” అన్నాడు.